క్షణంలో పుట్టని ధైర్యం

1971 డిసెంబరు 14 ఉదయం పెషావర్ నుంచి బయల్దేరిన ఆరు పాకిస్తాన్ సేబర్ విమానాలు శ్రీనగర్ వైమానిక స్థావరం మీద విరుచుకుపడ్డాయి. యుద్ధం మొదలై అప్పటికి పదకొండు రోజులైంది. తూర్పున భారత సైన్యం ఢాకా ముంగిట నిలిచింది. ఇంకో రెండు రోజుల్లో అక్కడ లొంగుబాటు పత్రం మీద సంతకాలు పడబోతున్నాయి. శ్రీనగర్‌లో ఆ ఉదయం ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 18వ స్క్వాడ్రన్‌కు చెందిన రెండు చిన్న నాట్ విమానాలు. మొదటిదానిలో ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఘుమ్మన్, రెండోదానిలో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్. ఘుమ్మన్ ముందు లేచాడు. ఆ విమానం రేపిన దుమ్ము అడ్డుపడి సెఖోన్ కాసేపు ఆగాల్సి వచ్చింది. ఆ కాసేపట్లోనే రన్‌వే మీద బాంబులు పడటం మొదలైంది. బాంబులు పడుతుండగానే ఆయన విమానాన్ని పరుగెత్తించి గాల్లోకి లేపాడు. లేచిన కొద్దిసేపటికే ముందున్న నాయకుడికి ఆయన కనబడకుండా పోయాడు. బాంబులు వేసి మళ్లీ జట్టు కడుతున్న సేబర్ల వెంట ఆయన ఒంటరిగా పడ్డాడు. చెట్ల తలల ఎత్తులో మలుపుల మీద మలుపులుగా సాగిన పోరులో చివరికి ఆయన విమానం దెబ్బతింది. దెబ్బ తగిలిన సంగతి రేడియోలో నాయకుడికి చెప్పి, వచ్చి వాళ్ల పని పట్టమన్నాడు. నాట్ కొండల మధ్య కూలింది. ఆయన దేహం దొరకలేదు. 1950లో నెలకొల్పిన పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికి దక్కితే, వైమానిక దళం నుంచి దాన్ని అందుకున్నది సెఖోన్ ఒక్కడే.

ఆయన ప్రాణాలకు తెగించాడని మనం సులువుగా అంటాం. కానీ తెగించాలా వద్దా అని ఆలోచించుకోవడానికి ఆయనకు వ్యవధి ఎక్కడుంది? దుమ్ము తేలిపోవడానికీ బాంబు పడటానికీ మధ్య ఉన్నవి క్షణాలు. ఆ క్షణాల్లో లాభనష్టాలు బేరీజు వేసుకుని, దేశాన్ని ఒక పక్కన, ప్రాణాన్ని మరో పక్కన పెట్టి తూచి చూడటం ఏ మనిషికీ సాధ్యం కాదు. ఆలోచించి ఎంచుకున్న పనికే మెప్పుగానీ తప్పుగానీ వర్తిస్తుందని నీతిశాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. ఎంచుకోవడమే జరగనప్పుడు మెచ్చుకోవడానికి ఏం మిగిలింది? కంట్లో నలుసు పడబోతే రెప్ప మూసుకుంటుంది. అందుకు రెప్పను ఎవరూ సన్మానించరు. యుద్ధ విమానం నడిపేవాడి సాహసం కూడా అలాంటి శరీర ధర్మమేనా? ఈ ప్రశ్నను పక్కకు నెట్టి పూలదండలు వేయడం తేలిక. దాన్ని నేరుగా ఎదుర్కొంటే తేలేది ఇదీ: ఆ క్షణంలో బయటపడిన ధైర్యం ఆ క్షణంలో పుట్టింది కాదు. ఎన్నో ఏళ్లుగా, ఎవరూ చూడని చిన్న చిన్న నిర్ణయాలతో అది తయారైంది. మెప్పు చెందవలసింది ఆ తయారీకి. అయితే ఈ మాట ఒప్పుకుంటే దానితోపాటు ఇంకో బరువైన మాట కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. అది చివర్లో చెబుతాను.

ముందుగా తోసిపుచ్చాల్సింది ధైర్యం పుట్టుకతో వస్తుందనే నమ్మకాన్ని. కొందరు సింహాల్లా పుడతారని, మరికొందరు పిరికివాళ్లుగానే పుట్టి పిరికివాళ్లుగానే పోతారని లోకం అనుకుంటుంది. ఈ నమ్మకానికి మన భారతమే గట్టి ఎదురుసాక్ష్యం. ఉత్తర కుమార ప్రజ్ఞలంటూ మనం నేటికీ ఎగతాళి చేసే విరాటుని కొడుకునే తీసుకోండి. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోశాడు. కౌరవ సేనను కళ్లారా చూడగానే రథం దూకి పరుగెత్తాడు. లోకం కథను అక్కడితో ఆపేసింది. కథ అక్కడితో ఆగలేదు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకుని, ధైర్యం చెప్పి, ఆయుధాలు పట్టాల్సిన పని లేదు, పగ్గాలు పట్టు చాలని సారథిగా కూర్చోబెట్టాడు. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు బాణాలు కురిపిస్తుంటే అదే కుర్రవాడు ఆ గుర్రాలను అదుపులో ఉంచాడు. కురుక్షేత్రంలో మొదటి రోజే ఏనుగెక్కి శల్యుణ్ణి ఎదిరించి, అతని రథాశ్వాలను చంపి, అతని చేతిలోనే ప్రాణం విడిచాడు. పారిపోయినవాడూ నిలబడినవాడూ ఒక్కడే. మధ్యలో మారింది అతని పుట్టుక కాదు. పక్కన నిలిచిన మనిషి, చేతికి అందిన పని, ఆ పనిలో కుదిరిన అలవాటు మారాయి. ధైర్యం నేర్చుకునేదేనని వ్యాసుడికి తెలుసు. ఆ కథలో సగాన్ని మాత్రమే నుడికారంగా మిగుల్చుకున్నది మనం.

అలవాటు వల్ల వచ్చిన ధైర్యం తక్కువదా, ఎక్కువదా? అరిస్టాటిల్ తన నికొమాకియన్ ఎథిక్స్ మూడో పుస్తకంలో దీనికి ఊహించని జవాబు ఇచ్చాడు. ముందే తెలిసిన ప్రమాదాన్ని లెక్కలు వేసుకుని, మనసుకు నచ్చజెప్పుకుని ఎదుర్కోవచ్చు. హఠాత్తుగా మీదపడిన ప్రమాదంలో ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ మనిషి స్వభావంగా స్థిరపడినదే పైకి వస్తుంది. కనుక అకస్మాత్తుగా వచ్చిన భయంలో చలించనివాడే మరింత ధీరుడని ఆయన తీర్పు. మనం ఇందాక వేసిన ప్రశ్న దీనితో తలకిందులవుతుంది. వ్యవధి లేకపోవడం వల్ల ధైర్యం చిన్నబోదు. దాని నిజానిజాలు అప్పుడే తేలతాయి. అదే చోట అరిస్టాటిల్ ధైర్యంలా కనిపించే ఐదు పోలికలను వేరు చేసి చూపాడు. పరువు కోసం, సిగ్గుపడాల్సి వస్తుందన్న జంకుతో నిలబడటం ఒకటి. యుద్ధవిద్యలో ఆరితేరినవాడి నిబ్బరం రెండోది. గాయపడిన మృగానికి వచ్చే ఆవేశం మూడోది. ఎన్నోసార్లు గెలిచానన్న భరోసా నాలుగోది. ప్రమాదం సంగతే తెలియకపోవడం ఐదోది. శ్రీనగర్ ఘటనను వీటితో రుద్ది చూడవచ్చు. ప్రమాదం తెలియకపోలేదు, అది కళ్లముందే పేలుతోంది. గెలుస్తానన్న భరోసాకు చోటే లేదు, పైన ఉన్నవి ఆరు. ఆరితేరిన సైనికులు బలం చాలదని తెలియగానే ముందుగా వెనుదిరుగుతారని అరిస్టాటిల్ అంటాడు. సెఖోన్ బలం చాలదని కనబడుతుండగానే ముందుకు వెళ్లాడు. పరువు, ఆవేశం అనే రెండు మాత్రం మిగులుతాయి. వాటి మాట తర్వాత.

భగవద్గీత ఎనిమిదో అధ్యాయం ఇదే సంగతిని మృత్యువు దగ్గర నిలబడి చెబుతుంది. చివరి క్షణంలో మనిషి ఏ భావాన్ని తలుస్తాడో దాన్నే పొందుతాడన్నది అక్కడి సిద్ధాంతం. పైపైన చదివితే ఇది చాలా సులువైన బేరంలా కనబడుతుంది: జీవితమంతా ఎలా గడిపినా చివర్లో ఒక్కసారి తలుచుకుంటే సరిపోతుంది కదా అని. ఆ మాట వెంటనే గీత అర్జునుడికి చెప్పేది వేరు. కనుక అన్ని వేళలా నన్ను తలుస్తూ యుద్ధం చెయ్యి అంటుంది. చివరి తలపును చివర్లో తయారుచేసుకోలేం, అది ముందునుంచీ అభ్యసించినదై ఉంటేనే వస్తుంది అన్నది ఆ 'కనుక'లోని తర్కం. శంకరభాష్యం కూడా ఈ శ్లోకాన్ని పదేపదే స్మరించి అభ్యసించడంతోనే ముడిపెట్టింది. గీత చెబుతున్నది భగవంతుణ్ణి తలవడం గురించి, విమానం నడపడం గురించి కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, గమ్యాలు వేరు. మనసు పనిచేసే తీరు మాత్రం ఒకటే. పైగా ఈ బోధ ఆశ్రమంలో కూర్చున్నవాడికి చేసింది కాదు. రెండు సైన్యాల మధ్య రథం మీద ఉన్నవాడికి, మరో గడియలో బాణాలు ఎగరబోతుండగా చేసింది. ఆపద క్షణం మనిషిలో కొత్తగా ఏదీ నాటదు, అంతకుముందు నాటినదాన్ని కోస్తుంది అన్నది ఇద్దరి మాటల సారం. గ్రీకు తత్వవేత్తా, గీతా వేర్వేరు దారుల్లో ఒకే చోటికి చేరడం యాదృచ్ఛికం అనిపించదు.

యుద్ధ విమానం నడిపేవాడి జీవితంలో ఆ నాటడం ఎలా జరుగుతుంది? అతని శిక్షణలో ఎక్కువ భాగం వీరోచితంగా ఉండదు. ఇంజన్ ఆగితే ఏం చేయాలి, మంటలు లేస్తే ఏ మీట ముందు, ఏది తర్వాత అన్నది నేలమీద వందలసార్లు వల్లెవేస్తారు. బిగుతైన మలుపులో శరీరం బరువు అనేక రెట్లవుతుంది, నెత్తురు తల నుంచి కిందికి దిగుతుంది, చూపు మసకబారుతుంది. ఆ స్థితిలోనూ చేయి, కన్ను సక్రమంగా పనిచేయాలి. రెండు విమానాల జట్టులో రెండోవాడి పని నాయకుడి వెనక కాపుగా ఉండటం, తన మెడ కన్నా అతని మెడను ఎక్కువగా చూసుకోవడం. ఇందులో ప్రతిదాన్నీ ఏదో ఒక రోజు బద్ధకించి వదిలేయవచ్చు. ఈ ఉద్యోగం వద్దని ముందే చెప్పి ఇంటికి వెళ్లిపోవచ్చు. వదలని ప్రతి రోజూ ఒక నిర్ణయమే. 1949 నాటి కాల్పుల విరమణ ఏర్పాట్ల వల్ల కాశ్మీర్ లోయలో యుద్ధ విమానాలు శాశ్వతంగా ఉండేవి కావు. నాట్‌లు మైదానం నుంచి అక్కడికి వచ్చినవే. చుట్టూ కొండలు, శీతకాలపు మంచు, అలవాటు లేని ఎత్తు. వాటికి అలవాటుపడాల్సిన పని కూడా ఆ పైలట్ల మీదే పడింది. డిసెంబరు 14న దుమ్ము తేలేదాకా ఆగిన ఆ కాసేపట్లో సెఖోన్ కొత్తగా నిర్ణయించుకోవాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ ఉదయం ఏం చేయాలో ఆయన చాలా ముందునుంచే నిర్ణయించుకుంటూ వచ్చాడు. అందుకే వ్యవధి చాలకపోవడం ఆయనకు అడ్డు కాలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇదంతా శిక్షణ ఫలమైతే ఘనత శిక్షణ ఇచ్చిన వ్యవస్థది, ఆ మనిషిది కాదు కదా? మీట నొక్కితే కదిలే యంత్రానికీ, డ్రిల్లు ప్రకారం కదిలే సైనికుడికీ తేడా ఏముంది? తేడా ఉంది. ఒకే శిక్షణ పొందినవాళ్లందరూ ఒకేలా ప్రవర్తించరన్నది ప్రతి యుద్ధమూ నిరూపించిన సంగతి. శిక్షణ చేతులకు నేర్పుతుంది, ఆ చేతులను ఎటు కదిలించాలన్నది మనిషికే వదిలేస్తుంది. పైగా డ్రిల్లు సెఖోన్‌ను ఒక హద్దు వరకే తీసుకురాగలదు. జట్టు విడిపోయాక, నాయకుడు కనబడకుండా పోయాక, ఒంటరిగా ఉన్నవాడు తప్పుకుని ఎత్తుకు వెళ్లిపోవడం నేరమేమీ కాదు. అది తెలివైన పనేనని వాదించవచ్చు కూడా. ఆ హద్దు దాటాక జరిగింది ఆయన సొంతం. సంగీతంలో సాధన గురువు పెట్టిందే అయినా కచేరీ పాడినవాడిదేనని మనం ఎప్పుడూ సందేహించం. యుద్ధంలో మాత్రం సందేహించడానికి కారణం లేదు.

ఇంకాస్త సూక్ష్మమైన అభ్యంతరం ఉద్దేశాల గురించినది. పరువు, ఆవేశం అనే రెండింటినీ పక్కన పెట్టాం కదా, అవి ఇక్కడికి వస్తాయి. ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ ద సేంత్ ఎగ్జుపెరీ స్వయంగా పైలట్. 1931లో వచ్చిన ఆయన నవల 'రాత్రి విమానం'కు ఆంద్రే జీద్ రాసిన ముందుమాటలో ఎగ్జుపెరీ ఉత్తరం ఒకటి ఉంది. అందులో ఆయన ధైర్యాన్ని విడదీసి చూపి, అందులో కాస్త కోపం, కాస్త డాంబికం, బోలెడంత మొండితనం, ఆటలో ఉండేలాంటి నాసిరకం సరదా ఉంటాయని తేల్చాడు. ప్లేటో ధైర్యాన్ని సుగుణాల్లో చివరి వరసలో ఎందుకు పెట్టాడో తనకు అర్థమైందన్నాడు. ఈ మాటలన్నది ఇంటి పట్టున కూర్చున్న విమర్శకుడు కాదు. 1944 జులై 31న కోర్సికా నుంచి నిఘా విమానంలో బయల్దేరి తిరిగిరానివాడు. ఆయన సాక్ష్యాన్ని తోసిపుచ్చలేం. అయితే దాని నుంచి తీయాల్సిన ముగింపు ఏమిటి? మానవ ప్రవృత్తిలో శుద్ధమైన ఉద్దేశం అరుదు. బిడ్డను పెంచే తల్లి ప్రేమలో గర్వం, దానం చేసేవాడి దయలో పేరు మీద ఆశ కలిసే ఉంటాయి. అంతమాత్రాన ప్రేమా దయా అబద్ధం కావు. ఏ ఉద్దేశం మిగతావాటిని లాక్కెళ్లిందన్నదే చూడాలి. కోపం, డాంబికం బలం చాలదని తెలిసినచోట ఎక్కువసేపు నిలవవు. తాను కూలిపోతూ కూడా నాయకుణ్ణి పిలిచి మిగతా పని అప్పగించినవాడిలో సరదా, డాంబికం ఎంత పాలో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. ఎగ్జుపెరీ కూడా తన మాటలకు తన చావుతోనే సవరణ రాశాడు.

మూడో అభ్యంతరం మరింత బలమైనది, ఎందుకంటే అది వైద్యుడి నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో సైనికులకు వైద్యం చేసి, తర్వాత చర్చిల్‌కు వైద్యుడైన లార్డ్ మోరన్ 1945లో ధైర్యం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ధైర్యం సంకల్పబలమని, అది మనిషికి పరిమితంగా ఉండే నిల్వ అని, యుద్ధంలో అది ఖర్చవుతూ పోయి ఒక రోజు అయిపోతుందని ఆయన వాదం. ఇది నిజమైతే అలవాటు సిద్ధాంతం కూలుతుంది. వాడేకొద్దీ అలవాటు గట్టిపడాలి కదా, తరిగిపోకూడదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్ అనుభవం మోరన్ వైపే కనబడుతుంది. అందులో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ముప్పై దాడులు పూర్తిచేసినవాడికి విశ్రాంతి ఇవ్వాలన్న నియమం పెట్టుకున్నారంటే మనిషి ఓర్పుకు హద్దు ఉందని ఆ సైన్యానికి తెలుసు. తెలిసీ, ఇక ఎగరలేమన్న కొందరి కాగితాల మీద నైతిక స్థైర్యం లేనివాళ్లని ముద్ర వేసి అవమానించింది. దీనికి జవాబు ఏమిటంటే, తరిగేది నరాల సత్తువ. శరీరం నిద్ర, తిండి, భద్రత మీద ఆధారపడిన పదార్థం. దాన్ని రోజుల తరబడి మృత్యువు నోట్లో పెడితే విరుగుతుంది. అలవాటుగా స్థిరపడిన గుణం ఆ శరీరం ద్వారానే పనిచేయాలి, కనుక శరీరం విరిగినప్పుడు గుణం బయటికి రాలేదు. విరిగినవాడు పిరికివాడని తీర్పు ఇచ్చినవాళ్లు తప్పుచేశారు. అంతేకాదు, మోరన్ వాదం ఇంకో సంగతిని బయటపెట్టింది: ధైర్యాన్ని ఖర్చుపెట్టేది దాన్ని కలిగినవాడు ఒక్కడే కాదు. అతణ్ణి పంపేవాళ్లు కూడా ఖర్చుపెడుతున్నారు.

ఆ మాటే నాలుగో అభ్యంతరానికి దారి తీస్తుంది. శ్రీనగర్ మీదికి వచ్చిన ఆరుగురూ ధైర్యవంతులే. పరాయి గగనంలోకి, కొండల మీదుగా, విమాన విధ్వంసక తుపాకుల మధ్యకు వచ్చి బాంబులు వేయడం పిరికివాళ్ల పని కాదు. సెఖోన్‌ను కూల్చిన సలీం బేగ్ మీర్జా తర్వాత రాసిన వ్యాసంలో ఆయన పట్టుదలను మెచ్చుకున్నాడు. ధైర్యం రెండు పక్షాల్లోనూ ఉంటే అది మంచికీ చెడుకూ సమానంగా ఉపయోగపడే సాధనమే తప్ప సుగుణం కాదనవచ్చు. 1944 అక్టోబరులో మొదలైన జపాన్ ఆత్మాహుతి దాడులు ఈ వాదానికి ఎత్తిన పతాక. ఆ పైలట్లలో ఎందరో విశ్వవిద్యాలయాల నుంచి పిలిపించిన యువకులు. వాళ్ల నిబ్బరానికి లోటు లేదు, వాళ్లు మోసిన లక్ష్యానికి న్యాయం లేదు. ఆ దళాలను ఏర్పరచిన వైస్ అడ్మిరల్ ఒనిషి జపాన్ లొంగిపోయిన మర్నాడు చనిపోయిన పైలట్లకూ వాళ్ల కుటుంబాలకూ క్షమాపణ రాసి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ క్షమాపణ పత్రమే మనకు కావలసిన జవాబు. పైలట్ల తరఫున సిగ్గుపడాల్సింది ఏమీ లేదని, లెక్క చెప్పాల్సింది తానేనని ఒనిషి చివర్లో గుర్తించాడు. ధైర్యం ఒకరిది, దాన్ని దేనికి వాడాలన్న నిర్ణయం ఎక్కువగా వేరొకరిది. శత్రువు ధైర్యాన్ని ఒప్పుకున్నంత మాత్రాన శత్రువు లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదు. 1971 మార్చి నుంచి తూర్పు బెంగాల్‌లో సొంత ప్రజల మీదే పాకిస్తాన్ సైన్యం సాగించిన హత్యాకాండ, అక్కడి నుంచి భారత్‌లోకి వచ్చిపడిన లక్షలాది శరణార్థులు ఆ యుద్ధానికి నేపథ్యం. ఆ నేపథ్యంలో ఇరుపక్షాల లక్ష్యాలు సమానమని ఎవరూ అనలేరు. మీర్జా ధైర్యాన్ని గౌరవించడానికి మాత్రం అది అడ్డు కాదు.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం బుద్ధుడిది. సంయుక్త నికాయంలో యోధాజీవుడనే యుద్ధవీరుల పెద్ద ఆయన దగ్గరకు వచ్చి, యుద్ధంలో పోరాడి చనిపోయినవాడికి స్వర్గం దొరుకుతుందని మా పూర్వాచార్యులు చెప్పారు, మీరేమంటారని అడుగుతాడు. ఆ ప్రశ్న వద్దని బుద్ధుడు వారిస్తాడు. అతను మళ్లీ మళ్లీ అడిగాక, చంపాలన్న తలపుతో నిండిన మనసు అప్పటికే దిగజారి ఉంటుందని, అలాంటి స్థితిలో చచ్చినవాడికి కలిగేది దుర్గతేనని చెబుతాడు. యోధుడు ఏడుస్తాడు, బుద్ధుడి మాటకు కాదు, ఇన్నాళ్లూ తనను మోసగించిన పెద్దల మాటకు. యుద్ధంలో చస్తే స్వర్గం అని గీత రెండో అధ్యాయం అర్జునుడికి చెప్పినదానికి ఇది సూటిగా ఎదురు. ఈ రెంటినీ అతికించి రాజీ చేయడం నిజాయితీ కాదు. అయితే బుద్ధుడి తూనికరాయి ఏమిటో గమనించాలి: చివరి క్షణంలో మనసు ఏ తలపుతో నిండి ఉందన్నదే. గీత ఎనిమిదో అధ్యాయపు తూనికరాయి కూడా అదే. స్వర్గం విషయంలో తగవుపడిన రెండు బోధలు మనసును తూచే పద్ధతిలో కలుస్తున్నాయి. కనుక తేలాల్సిన ప్రశ్న ఆ మనసు ద్వేషంతో నిండిందా, కాపాడాలన్న పట్టుదలతో నిండిందా అన్నది. సెఖోన్ పుట్టిన సిక్కు సంప్రదాయం ఇక్కడ ఒక దారి చూపిస్తుంది. ఆ మతపు మూలమంత్రం దైవాన్ని వర్ణిస్తూ భయం లేనివాడని చెప్పిన వెంటనే వైరం లేనివాడని చెబుతుంది, రెంటినీ విడదీయదు. ఆనంద్‌పూర్ యుద్ధాల్లో భాయీ కన్హయ్య గాయపడిన శత్రు సైనికులకూ నీళ్లు పోస్తుంటే, ఫిర్యాదు విన్న గురు గోవింద్ సింగ్ అతణ్ణి మందలించకపోగా గాయాలకు మందు కూడా ఇచ్చి పంపాడని సిక్కులు చెప్పుకుంటారు. పోరాడే చేతిలోంచి వైరాన్ని తీసేయవచ్చన్నది ఆ కథ చెప్పే సంగతి. సెఖోన్ మనసులో ఆ ఉదయం ఏముందో ఎవరూ చెప్పలేరు. ఆయన ఆయుధం ప్రయోగించాడన్నదీ దాచకూడదు. మన కంటికి ఆనేది ఆ పని తీరు మాత్రమే: దాడి జరుగుతున్న చోటును వదలకపోవడం, ఒంటరి అయినా తప్పుకోకపోవడం, చివరి మాటలో శాపం కాక పని అప్పగింత ఉండటం. అది కాపలా మనసుకు దగ్గరగా ఉంది. బుద్ధుడి హెచ్చరిక మాత్రం అలాగే నిలుస్తుంది. వీరుణ్ణి పొగిడే ప్రతివాడూ దాన్ని పక్కన పెట్టుకునే పొగడాలి.

ఆ పోరులో ఎవరికి ఎంత నష్టం జరిగిందన్నది నేటికీ వివాదమే. భారత ప్రశంసాపత్రం ప్రకారం ఒక సేబర్‌కు దెబ్బలు తగిలాయి, మరొకటి మంటల్లో చిక్కింది. పాకిస్తాన్ కథనాల ప్రకారం వాళ్ల విమానాలన్నీ తిరిగి చేరాయి. ఈ లెక్క ఎటు తేలినా సెఖోన్ ధైర్యం ఒక్క వీసం పెరగదు, తరగదు. శత్రు విమానాల సంఖ్యతో ధైర్యాన్ని కొలవడం దాన్ని మరోసారి చేతి నైపుణ్యానికి దించడమే. ధైర్యం తయారైన దీర్ఘకాలాన్ని చూస్తేనే దాని విలువ తెలుస్తుందని ఇంతదాకా వాదించాం. అయితే మొదట్లో వాయిదా వేసిన బరువైన మాట ఇక్కడ చెప్పాలి. ధైర్యం ఏళ్ల తరబడి తయారుచేసేదే అయితే, తయారుచేసినవాళ్లు దానికి జవాబుదారులు. యువకుణ్ణి ఎంచుకుని, ప్రమాదం ఎదుటపడితే ఆలోచించకుండా ముందుకు వెళ్లేలా తీర్చిదిద్దాక, ఆలోచించే బాధ్యత అతని దగ్గర నుంచి మన దగ్గరికి వస్తుంది. అతను ఆ క్షణంలో ఆగి ఈ యుద్ధం న్యాయమా అని అడగలేడు, అడగకూడదనే మనం తీర్చిదిద్దాం. అది అతని తరఫున ముందే అడగాల్సినవాళ్లు పాలకులు, వాళ్లను ఎన్నుకునే పౌరులు.

ఈ సంగతి మన భారతానికి బాగా తెలుసు. సెఖోన్ పేరు వినగానే అభిమన్యుడు గుర్తుకొస్తాడు, రావడం సహజమే. కానీ ద్రోణపర్వం అభిమన్యుడి శౌర్యాన్ని కీర్తించి చేతులు దులుపుకోలేదు. వ్యూహం ఛేదించమని అడిగింది ధర్మరాజు, వెనక మేము వస్తామని మాట ఇచ్చిందీ ఆయనే. సైంధవుడు అడ్డుపడ్డాడు, ఎవరూ వెనక రాలేకపోయారు. ఆ రాత్రి ధర్మరాజు కుమిలి కుమిలి ఏడ్చింది కుర్రవాణ్ణి పంపిన తప్పు తనదేనని. అభిమన్యుడి ధైర్యం మీద ఆ కావ్యానికి సందేహం లేదు. పంపినవాడి మీద పడిన భారాన్ని కూడా అది దాచలేదు. వీరగాథను చెప్పే సరైన పద్ధతి అదే. యుద్ధం ఊసెత్తగానే ఉత్సాహంతో ఊగిపోయి, మన పిల్లలు కాక ఇంకెవరి పిల్లలో విమానం ఎక్కుతారన్న నమ్మకంతో కేకలు వేసేవాళ్లు వీరులకు ఇస్తున్న గౌరవం ఏమీ లేదు. వాళ్లు ఇతరుల నిల్వను ఖర్చుపెడుతున్నారు, అంతే. సెఖోన్ తన వంతు పనిని ఏళ్ల తరబడి చేసి, డిసెంబరు 14న పూర్తిచేశాడు. ఆయన లాంటివాళ్లను రేపు ఎవరైనా రన్‌వే మీదికి పంపబోయే ముందు, ఆ అవసరం నిజమేనా అని అడగడం మన వంతు. ఆ ప్రశ్న అడగనివాళ్లకు ఆయన ధైర్యం గురించి గర్వపడే హక్కు లేదు.